వెదురు విల్లుకు బెల్టు సాండర్: సందేహాలు - సమాధానాలు

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి చాలావరకు ఒకే విషయం మీదున్నాయి. చెక్కతో, వెదురుతో విల్లు చేయాలనుకునేవాళ్ళు మిషన్ గురించి అడిగారు. వాటికి ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాను.

అయ్యా, నేను తలుపులు, కిటికీలు, మంచాలు చేసే వడ్రంగిని. విలువిద్య నేర్చుకునే పిల్లలకు వెదురు విళ్ళు చేసిపెట్టమని కొందరు అడుగుతున్నారు. చేత్తో పట్టుకునే బెల్టు సాండర్ కొనమంటారా, బల్లకు బిగించేది కొనమంటారా?
*- ఒక వడ్రంగి, పలమనేరు*

బల్లకు బిగించేదే కొనండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

చేతి మిషన్ తనకంటే వెడల్పయిన చెక్క మీద నడవడానికి తయారైంది. తలుపు, బల్ల పైభాగం, మంచం పలక, ఇవీ దాని పనులు. బాష్ జీబీఎస్ 75లో బెల్టు వెడల్పు 75 మిల్లీమీటర్లు, మకీటా 9403లో 100. వింటి రెక్క వెడల్పు చూస్తే 30, 40 మిల్లీమీటర్లకు మించదు, కొన దగ్గర ఇంకా సన్నం. అంత సన్నటి బద్ద మీద అంత బరువైన మిషన్ నిలకడగా ఆనదు. అటో ఇటో ఒరుగుతుంది, ఒరిగిన వైపు అంచు తినేస్తుంది. విల్లు పనిలో మిషన్ కదలకుండా ఉండాలి, చెక్క మీ చేతుల్లో కదలాలి. అప్పుడే ఎంత అరుగుతోందో మీ వేళ్ళకు తెలుస్తుంది.

బల్ల మిషన్లలో 4 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల చుట్టుకొలత ఉన్న బెల్టుతో, పక్కన 6 అంగుళాల డిస్క్‌తో వచ్చే చిన్న రకం ఉంది. మొదటి మిషన్‌గా అది చాలు. విళ్ళే మీ ప్రధాన వ్యాపారం కాబోతుంటే 6 బై 48 సైజు మేలు. దాని పలక పొడవు కాబట్టి బద్ద మీద గుంటలు పడే ప్రమాదం తక్కువ.

కొట్లో మిషన్ చూసేటప్పుడు మోటారు కంటే ముందు పలక చూడండి. బెల్టు వెనక ఆనుకునే ఇనుప పలక అది. బెల్టు తీయించి, ఉక్కు స్కేలు నిలువునా అడ్డంగా ఆనించండి. కింద వెలుతురు కనిపిస్తే ఆ మిషన్ వద్దు. తర్వాత, చెక్క జారిపోకుండా బెల్టు చివర ఉండే అడ్డు ఊడి వస్తుందో లేదో చూడండి. మీరు పెట్టేది ఐదారు అడుగుల బద్ద. ఆ అడ్డు శాశ్వతంగా బిగించి ఉంటే బద్ద ముందుకు పోదు, మిషన్ ఎంత మంచిదైనా మీకు పనికిరాదు. మూడోది, కొసన ఉన్న రోలర్ బయటికి తెరిచి ఉండాలి. పిడి దగ్గర లోపలికి వంపు తీయడానికి ఆ గుండ్రటి భాగమే ఆధారం. పక్కనున్న డిస్క్‌ను మాత్రం రెక్కకు ఆనించకండి. డిస్క్ అంచు వేగం వేరు, నడుమ వేగం వేరు, అరుగుదల సమానంగా రాదు. కొనలు, పిడి చివరలు సరిచేయడానికి దాన్ని వాడుకోండి.

ఇక మిషన్ ఎక్కడ ఆపాలి అన్నదే అసలు సంగతి. రెక్క వెడల్పు పదో వంతు తగ్గితే బిగువు పదో వంతే తగ్గుతుంది. మందం లెక్క అలా కాదు, అది ఘనంలో పోతుంది. 12 మిల్లీమీటర్ల మందమున్న రెక్కలో అర మిల్లీమీటరు అరిగిందంటే బిగువు 12 శాతం పడిపోయినట్టే. రెండు రెక్కలూ అలా అరిగితే 40 పౌన్ల బిగువున్న విల్లు 35 పౌన్లకు దిగుతుంది. గరుకైన 40 నంబరు బెల్టు మీద ఆ అర మిల్లీమీటరు పోవడానికి ఎంతోసేపు పట్టదు. పోయింది తిరిగి రాదు.

కాబట్టి వెదురు లోపలి కణుపుల అడ్డుపొర తీయడం, లోపలి గుంటను చదును చేయడం, అతికించాల్సిన బద్దల ముఖాలు సమం చేయడం, అంచులు గీతకు తేవడం, పిడి మలచడం, ఇంతవరకు మిషన్‌కు అప్పగించండి. కావలసిన మందానికి ఒక మిల్లీమీటరు ముందే ఆపేయండి. విల్లును గోడకు కొట్టిన కొయ్య మీద ఆనించి, నారి కిందికి లాగుతూ, రెండు రెక్కలు ఒకేలా వంగుతున్నాయా అని చూసే దశ నుంచి ఆకురాయి, స్క్రేపర్ రేకు, ఉప్పు కాగితం తప్ప మరేదీ ముట్టకూడదు. ఉలి, చిత్రిక పట్టిన చెయ్యి మీది. ఆ చివరి మిల్లీమీటరులో మీకున్న పనితనం ఏ మిషన్‌కూ లేదు.

నాకు వెల్డింగ్ షాపు ఉంది. పాత 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 1440 ఆర్‌పీఎమ్‌ది, పక్కన పడి ఉంది. దాంతో బెల్టు సాండర్ నేనే కట్టుకోవచ్చా? రోలర్ ఎంత సైజు పెట్టాలి?
*- ఒక పాఠకుడు, పుంగనూరు*

తప్పకుండా కట్టుకోవచ్చు. మీ మోటారు వేగం కూడా ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. 4 అంగుళాల రోలర్ ఒక చుట్టు తిరిగితే బెల్టు సుమారు 32 సెంటీమీటర్లు నడుస్తుంది. 1440తో గుణిస్తే నిమిషానికి 460 మీటర్లు. వెదురుకు, చెక్కకు అది హాయిగా పనిచేసే వేగం. అదే రోలర్‌ను 2880 మోటారుకు తగిలిస్తే 920 మీటర్లు అవుతుంది. ఆ వేగంలో బెల్టు త్వరగా తింటుంది, వెదురు మాడుతుంది. కత్తులు సానపట్టేవాళ్ళకు ఆ వేగం కావాలి, మీకు వద్దు. 4 అంగుళాల బెల్టుకు 1 హెచ్‌పీ చాలు. 6 అంగుళాలకు 1.5 ఉంటే మోటారు బిక్కచచ్చిపోకుండా లాగుతుంది.

మోటారు వైపు రోలర్‌ను సమంగా ఉంచి రబ్బరు తొడగండి. ఎదుటి రోలర్‌కు లేత్ మీద నడుమ కొద్దిగా ఉబ్బు తీయించండి. అంచుల కంటే నడుమ వ్యాసం ఒక మిల్లీమీటరు ఎక్కువుంటే చాలు, బెల్టు తనంతట తానే మధ్యకు వస్తుంది. ఆ రోలర్‌ను కొద్దిగా అటూ ఇటూ వంచే మర, బిగువు కోసం ఒక స్ప్రింగు పెట్టండి. రెండు రోలర్ల ఇరుసులు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఏ మర తిప్పినా బెల్టు పక్కకే పోతుంది కాబట్టి వెల్డు వేసే ముందే కొలతలు చూసుకోండి. పలకకు 10 మిల్లీమీటర్ల ఇనుప రేకు తీసుకుని, దాని మీద గ్రాఫైట్ పూసిన బట్ట అతికిస్తే రాపిడి వేడి తగ్గుతుంది.

రెండు విషయాల్లో ఖర్చుకు వెనకాడకండి. ఒకటి స్విచ్చి. కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు మిషన్ దానంతటదే తిరగకూడదు. నో-వోల్ట్ రిలీజ్ స్విచ్చి అని అడగండి. చేతిలో బద్ద పట్టుకుని బెల్టు సరిచేస్తుండగా కరెంటు వస్తే ఏమవుతుందో వెల్డింగ్ షాపు నడిపే మీకు చెప్పక్కర్లేదు. రెండోది ఎర్తింగ్. ఇనుప ఫ్రేముకు విడిగా ఎర్త్ తీగ ఉండాలి.

ఇంకో మాట. ఈ మిషన్ మీద ఇనుము రుద్దకండి. ఇనుప నిప్పురవ్వ చెక్కపొడిలో పడితే వెంటనే మంట రాదు, లోలోపల రాజుకుంటుంది. షాపు మూసి ఇంటికెళ్ళాక అంటుకుంటుంది.

ఇంటర్నెట్‌లో చూసి వెదురు విల్లు చేశాను. బెల్టు సాండర్ మీద కణుపులతో సహా రెండు వైపులా అద్దంలా నున్నగా వచ్చింది. నారి ఎక్కించి కొన్నాళ్ళు వాడేసరికి కణుపు దగ్గర పీచు లేచి విరిగిపోయింది. వెదురు మంచిది కాదా?
*- ఒక విద్యార్థి, మదనపల్లె*

వెదురును తప్పుపట్టకండి. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. రెండు వైపులా అన్నారు కదా, అక్కడే విరిగింది.

విల్లు వంగినప్పుడు లక్ష్యం వైపున్న ముఖం సాగుతుంది, మన వైపున్నది నొక్కుకుపోతుంది. సాగే ముఖాన్ని వీపు అనీ, మన వైపుదాన్ని పొట్ట అనీ అనుకుందాం. వెదురులో పీచు అంతటా ఒకేలా ఉండదు. పై తొక్క కింద దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. అందుకే ఆ పైభాగాన్నే వీపుగా ఉంచుతారు. అక్కడి పీచు కొన నుంచి కొనకు తెగకుండా ఉన్నంతకాలం విల్లు నిలుస్తుంది. కణుపు దగ్గర పీచు కొంచెం ఉబ్బి, వంకర తిరిగి పోతుంది. ఆ ఉబ్బును మీరు బెల్టు మీద సమం చేసినప్పుడు సరిగ్గా అక్కడే పీచు తెగింది. పైకి నునుపు కనిపించింది, లోపల ఆధారం పోయింది.

వెదురు వీపును బెల్టుకు చూపించకండి. కణుపు మీది పదునైన అంచును మాత్రం చేత్తో, 180 నంబరు కాగితంతో పీచు వెంబడి నాలుగు సార్లు రుద్దితే చాలు. అడ్డంగా రుద్దకండి. వీపు మీద అడ్డగీత పడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కొయ్యతో చేసే విల్లుకూ ఇదే సూత్రం. వీపు మీద ఒకే సంవత్సరపు వలయం కొన నుంచి కొనకు కొనసాగాలి.

వేడి సంగతి కూడా చూసుకోండి. బద్దను బెల్టు మీద నొక్కిపెట్టి ఉంచితే రంగు మారి, ఆ చోటు ఎండిపోయి పెళుసెక్కుతుంది. అతికించిన విల్లయితే ఎపాక్సీ జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది. చేతివేళ్ళు ఓర్చుకోలేనంత వేడెక్కితే పక్కన పెట్టి చల్లారనివ్వండి. చేతి తొడుగులు వేసుకుంటే ఆ వేడి తెలియదు, పైగా తొడుగును బెల్టు లాక్కుపోతుంది. వేసుకోకండి.

బెల్టులు ఏ నంబరువి కొనాలి?
*- ఒక పాఠకుడు, మదనపల్లె*

40 లేదా 60, తర్వాత 80, ఆపై 120. ఈ మూడు చాలు. అతికించాల్సిన ముఖాలను 60 దగ్గరే వదిలేయండి, గరుకుగా ఉంటేనే జిగురు పట్టు దొరుకుతుంది. ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు విల్లుకు వద్దు, నిదానంగా ఆరే రకం వాడండి. వెదురు తొక్కలో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టు త్వరగా మొద్దుబారుతుంది. జిర్కోనియా బెల్టు ధర ఎక్కువే అయినా ఎక్కువ కాలం వస్తుంది. మొద్దుబారిన బెల్టును పట్టుకుని నొక్కి నొక్కి రుద్దడం వల్లే చాలా బద్దలు మాడిపోతున్నాయి. బెల్టు లోపలి వైపు బాణం గుర్తు ఉంటే తిరిగే దిక్కు దాని ప్రకారమే ఉండాలి.

మా దగ్గర గ్రానైట్ పాలిష్ చేసే బెల్టులు, మిషన్లు ఉన్నాయి. వాటి మీదే విల్లు పని చేసుకోవచ్చా?
*- ఒక కార్మికుడు, కుప్పం*

వద్దు. రాతి బెల్టుల్లో ఉండేది సిలికాన్ కార్బైడ్. కొత్త బెల్టయితే చెక్కను కోస్తుంది గానీ వాడిన బెల్టులో ఇరుక్కున్న రాతిపొడి వెదురు పీచులో దిగబడుతుంది. అతుకు నిలవదు.

అంతకంటే ముఖ్యమైనది మీ ఊపిరితిత్తులు. గ్రానైట్ పొడిలో స్ఫటిక సిలికా ఉంటుంది, అది సిలికోసిస్ తెస్తుంది. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పగలు రాతిపొడి, సాయంత్రం వెదురుపొడి పీల్చే మీరు మిగతా పాఠకుల కంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నపొడి ఆగదు. ఎన్-95 మాస్కు ముక్కు దగ్గర బిగుతుగా ఆనేలా పెట్టుకోండి. మిషన్‌కు పొడి లాగే గొట్టం తగిలించండి, వీలైతే ఆరుబయట చేయండి. ఇంట్లో పిల్లలు పడుకునే గది పక్కన ఈ పని పెట్టుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

మా అమ్మాయి జ్యోతి సురేఖలా ఆడాలని పట్టుబడుతోంది. మేమే విల్లు చేయించి ఇస్తే పోటీలకు పనికొస్తుందా?
*- ఒక తల్లి, పలమనేరు*

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. ఒలింపిక్స్‌లో బొమ్మదేవర ధీరజ్ వాడింది రికర్వ్ విల్లు. ఆ రెండూ కర్మాగారాల్లో తయారయ్యేవి, వడ్రంగి బల్ల మీద వచ్చేవి కావు. అయితే మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం జాతీయ స్థాయి వరకు ఉంది. పెద్దల పోటీల్లో 50, 30 మీటర్ల దూరాలకు అందులో వెదురు విల్లుతోనే బాణం వేస్తారు. ఎంతోమంది అక్కడే మొదలుపెట్టారు. మీ అమ్మాయికి అది మంచి తొలి మెట్టు. చేయించే ముందు కోచ్‌ను కలిసి, ఆమె వయసుకు, చేతి బలానికి ఎన్ని పౌన్ల విల్లు కావాలో రాయించుకుని వడ్రంగికి ఇవ్వండి. ఎక్కువ పౌన్ల విల్లు చిన్నపిల్లల భుజాన్ని పాడుచేస్తుంది. బాణం పెట్టకుండా నారి లాగి వదలొద్దని మొదటి రోజే చెప్పండి, విల్లు విరిగి ముఖానికి తగలొచ్చు.

ఎర్రచందనంతో విల్లు చేస్తే గట్టిగా ఉంటుందని ఒకరు చెప్పారు. దొరికే దారి ఉందా? లేకపోతే మా పక్కనున్న కౌండిన్య అడవిలో వెదురు కొట్టుకోవచ్చా?
*- ఒక యువకుడు, పలమనేరు దగ్గరి పల్లె*

రెండూ వద్దు. ఎర్రచందనం చేవ నీళ్ళలో మునిగేంత బరువు. రెక్క బరువైతే వదిలిన నారి వేగంగా ముందుకు రాదు, బాణం మందగిస్తుంది. విల్లుకు అది మంచి చెక్క కాదు. అనుమతి లేకుండా నరికినా, దాచుకున్నా, తరలించినా నేరం కూడా. దొరికే దారి అంటూ ఎవరైనా చెబితే ఆ మనిషికి దూరంగా ఉండండి.

కౌండిన్య అభయారణ్యంలో వెదురు ఏనుగుల తిండి. అక్కడ గెడ కొట్టడం చట్టరీత్యా కుదరదు, మీ ప్రాణానికీ మంచిది కాదు. వెదురు కావాలంటే పొలం గట్ల మీద పెంచినవాళ్ళ దగ్గర కొనండి. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి కాని భూముల్లో పెరిగే వెదురును చెట్ల నిర్వచనం నుంచి తీసేశారు. అందువల్ల రైతు తన పొలంలోని వెదురు కొట్టి అమ్ముకోవచ్చు. లోపల బోలు తక్కువగా ఉండే గట్టి రకం, మూడేళ్ళు దాటిన గెడ అడగండి. వానలు వెళ్ళిపోయాక చలికాలంలో కొట్టినది తీసుకోండి. అప్పుడు పిండిపదార్థం తక్కువగా ఉంటుంది కాబట్టి పురుగు తొందరగా పట్టదు. చీల్చిన బద్దలను నీడలో నెలల తరబడి ఆరనిచ్చాకే సాండర్ దగ్గరికి తీసుకురండి. పచ్చి వెదురు బెల్టును పూడుస్తుంది, ఆరాక మెలి తిరుగుతుంది.