మీరేమవుతారమ్మా?

బడిలో కలిసి చదువుకున్న స్నేహితుడు పోతే ఆడదానికి ఏడవడానికి చోటెక్కడ, చెప్పండి? అన్న పోతే పుట్టింటికి పరిగెత్తుతాం. బావ పోతే అక్క పక్కన కూచుంటాం. ఎదురింటాయన పోయినా నలుగురితో పాటు వెళ్లి నిలబడతాం. మరి పలకా బలపం పట్టిన నాటి నుంచి తెలిసినవాడు, చుట్టమూ కానివాడు, మన కులమూ కానివాడు పోయాడని ఫోనొస్తే? పొయ్యి మీద పాలు దించేసి ఏ గదిలోకి వెళ్లి తలుపేసుకోవాలి?

మొన్న మాఘమాసంలో నాకు అలాంటి ఫోనొచ్చింది. కోనసీమలో మా లంక ఊరివాడే. కొబ్బరి వ్యాపారం చేసేవాడు. రాత్రి భోంచేసి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండెపోటన్నారు. నా మొహం చూసి మా ఆయన ఇంకేమీ అడక్కుండా చొక్కా తొడుక్కుని కారు తీశారు. అందరు ఆడవాళ్లకూ ఇలా జరగదు. "ఎవడో చదువుకున్నప్పటివాడు పోతే నువ్వెందుకు వెళ్లడం?" అన్న మాట విని ఇంట్లోనే ఉండిపోయిన అక్కచెల్లెళ్లు నాకు తెలుసు. వాళ్ల కోసమే ఈ ముచ్చట.

అరుగు మీద కూచున్న ఒక పెద్దావిడ నన్ను ఆపి, "మీరేమవుతారమ్మా?" అని అడిగింది. ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. చావింట్లో అన్నీ వరుసను బట్టే నడుస్తాయి. మైల ఎవరికి, దహనం నాడు ఎవరు ఎక్కడ నిలబడాలి, పదో రోజున ఎవరు రాక తప్పదు, ఎవరికి బట్టలు పెట్టాలి, అన్నీ చుట్టరికంతోనే తేలతాయి. "కలిసి చదువుకున్నామండీ" అన్నాను. ఆవిడకు నన్నెక్కడ కూచోబెట్టాలో తెలియలేదు. ఈలోగా లోపల్నుంచి వాడి భార్య "వదినగారూ!" అని ఒక్క కేక పెట్టి నా చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకుంది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ పిల్ల నన్ను అలాగే పిలుస్తోంది. ఆ పిలుపుతో నాకా ఇంట్లో చోటు దొరికింది.

ఆడా మగా స్నేహం ఎలా పెరుగుతుందో మీకు తెలియనిదా? ఏడో తరగతి దాకా ఏమేవ్, ఒరేయ్ అనుకుంటూ తిరుగుతాం. ఓణీ వేసుకున్న మర్నాటి నుంచి బెంచీలు వేరు, బడికెళ్లే దారి వేరు. పెళ్లయ్యాక అత్తవారివైపు వాళ్లున్న చోట "బాగున్నారాండీ?" అని పొడిగా పలకరించుకుంటాం. పాత బ్యాచ్ అంతా చేరినప్పుడు మాత్రం "ఏమేవ్, ఇంకా లెక్కల్లో అంత మొద్దువేనా?" అని వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్లు లోకంలో ఎంతమంది మిగిలారు మనకు?

1986 ఆగస్టులో గోదావరి ఎలా వచ్చిందో మా జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు నీళ్లు 75 అడుగులు దాటాయి. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులు సముద్రానికి పరుగెత్తాయి. మా లంకలు ఆ దారిలో ఉన్నాయి. అప్పుడు మేం పదో తరగతి. ఊరు ఊరంతా గొడ్డూ గోదాతో సహా ఏటిగట్టు ఎక్కి, తాటాకులు కప్పుకుని కూచుంది. నీళ్లు తీశాక ఇంటికొచ్చేసరికి గోడలు నానిపోయి, నా పుస్తకాల పెట్టె నిండా ఒండ్రు. మా నాన్న విత్తనాలకే అప్పు చేసే స్థితిలో ఉన్నాడు. మళ్లీ పుస్తకాలు కొనమని ఎలా అడుగుతాను? చదువు మానేద్దామనుకున్నాను.

వాడి ఇల్లు కాస్త మెరకలో ఉండేది, పుస్తకాలు దక్కాయి. ఒకనాటి సాయంత్రం మా వీధిలోకి వచ్చి, సాంఘికశాస్త్రం పుస్తకాన్ని కుట్టు దగ్గర బ్లేడుతో రెండుగా కోసి, భూగోళం నా చేతిలో పెట్టి, "చరిత్ర నేను చదువుతా. తర్వాత మార్చుకుందాం" అన్నాడు. సైన్సూ అంతే, తెలుగు వాచకమూ అంతే. కొత్త పుస్తకాలు కోసినందుకు వాళ్ల నాన్న చేతిలో దెబ్బలు తిన్నాడని చాలా ఏళ్ల తర్వాత వాడి తమ్ముడు చెబితే తెలిసింది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఆ సగం సగం పుస్తకాలతోనే రాశాం, ఇద్దరం పాసయ్యాం. నేను తర్వాత టీచర్ ట్రైనింగు చేసి ఉద్యోగం చేశానంటే ఆ సగం పుస్తకం వల్లే. వాడు ఇంటర్మీడియట్‌తో ఆపి, దింపు తీయించడం, కాయ వలిపించడం, కురిడీలు ఆరబెట్టించడం నేర్చుకుని వ్యాపారంలో దిగాడు.

ఈ సంగతి వాడి పిల్లలకు తెలియదు! పదో రోజు రాత్రి వాడి కూతురు నా పక్కన పడుకుని, "అత్తా, నాన్న మా పుస్తకాల మీద పెన్ను గీత పడినా ఊరుకునేవారు కాదు. చిన్నప్పుడూ అంతేనా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. ఆ పిల్ల లేచి కూచుని, మళ్లీ చెప్పమంది. వాళ్లమ్మని పిలిచి చెప్పించుకుంది. తండ్రి చనిపోయిన ఇంట్లో ఆ రాత్రి ఆయన పదిహేనేళ్ల కుర్రాడై తిరిగాడు. వాడి అమ్మానాన్నా ముందే పోయారు, తమ్ముడప్పటికి చిన్నవాడు. ఆ కుర్రాణ్ణి ఎరిగినవాళ్లం బడి స్నేహితులమే మిగిలాం.

బడి స్నేహమన్నా, ధవళేశ్వరమన్నా నాకు ముళ్లపూడి వెంకటరమణగారు గుర్తొస్తారు. ఆయన పుట్టిన ఊరది. నరసాపురంలో పుట్టిన బాపుగారితో మద్రాసు పి.ఎస్. హైస్కూల్లో కలిసిన స్నేహం ఆయన ప్రాణమున్నంతవరకూ నిలిచింది. కలిసి బొమ్మలూ కథలూ చేశారు, 1967లో "సాక్షి"తో మొదలుపెట్టి సినిమాలు తీశారు, రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో కాపురమున్నాయి. రమణగారు తన జీవితాన్ని "కోతికొమ్మచ్చి"గా రాశారు కాబట్టే బడి పిల్లాడుగా బాపు ఎలా ఉండేవారో మనకు తెలిసింది. రమణగారు 2011 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన మాటలు రాసిన "శ్రీరామరాజ్యం"ను అదే ఏడు నవంబరులో బాపుగారు జనం ముందుకు తెచ్చారు. 2013లో పద్మశ్రీ వచ్చేనాటికి పక్కన స్నేహితుడు లేడు. 2014 ఆగస్టు 31న తనూ వెళ్లిపోయారు. లోకమంతా ఆ స్నేహానికి దండం పెట్టింది, పెట్టాల్సిందే. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య పుట్టిన బడి స్నేహానికి అందులో పదోవంతు మర్యాదైనా ఇవ్వమంటున్నాను నేను.

శాస్త్రం కూడా స్నేహాన్ని మరీ గడప బయట పెట్టలేదు. మహాలయ పక్షంలో తర్పణం అందుకునేవారి వరుసలో చుట్టాలయ్యాక గురువు, శిష్యుడు, ఆప్తుడు కూడా ఉన్నారు. పుష్కరాల రేవులో స్నేహితుడి పేరున పిండం పెట్టేవాళ్లను నేను 2015లో కళ్లారా చూశాను.

ఇక మనం చేయగలిగింది చెప్పనా? గ్రూపులో "ఓం శాంతి" అని పెట్టి ఊరుకోకండి. పన్నెండో రోజు దాటి బంధువులంతా వెళ్లిపోయాక, ఇల్లు బోసిపోయినప్పుడు వెళ్లండి. కొబ్బరి వ్యాపారంలో సగం బాకీలు నోటిమాట మీదే ఉంటాయి. ఎవరెంత ఇవ్వాలో మా బ్యాచ్ మగపిల్లలకు తెలుసు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు వెళ్లి, ఇవ్వాల్సినవాళ్లతో మాట్లాడి, ఆ లెక్క రాసి వాడి భార్య చేతిలో పెట్టారు. శభాష్ అన్నాను. మీ ఫోన్లలో పోయినవాళ్ల గొంతులుంటే, పాత గ్రూపు ఫొటోలుంటే తుడిచేయకుండా పిల్లలకు పంపండి. వాళ్లు మీకు చేసిన మేలు ఉంటే ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు బాహాటంగా చెప్పండి, దాచుకోవాల్సిన సిగ్గేమీ కాదది. ఎవరైనా "మీరేమవుతారు?" అంటే తల దించకుండా "స్నేహితురాలిని" అనండి.

అమ్మలూ, అత్తలూ, మీకూ ఒక మాట. మీ కోడలు పాత స్నేహితుడు పోయాడని కళ్లొత్తుకుంటే ఆరాలు తీయకండి. ఓ గ్లాసు మంచినీళ్లిచ్చి, వెళ్లిరమ్మనండి, తోడు కావాలంటే మీరే వెళ్లండి. ఇలా పోయిన బడి స్నేహితుడో, స్నేహితురాలో మీకూ ఉంటే, వాళ్ల పిల్లలకు తెలియని ఒక్క సంగతి రాసి ముందు ఆ పిల్లలకు పంపండి, ఆ తర్వాత నాకు పంపండి.