బండి కదలని పూట

నాయుడుపేట

చిరంజీవి అమ్మడికి పెదనాన్న దీవెనలు.

బడిలో రోబోటిక్స్ ల్యాబు నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. నువ్వు చదివింది ఈసీఈ, కోరి చేరింది పంతులమ్మ ఉద్యోగంలో. ఈ పనికి ఇంతకన్నా ఏం కావాలి? సర్క్యూట్ల గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. అయితే ఏళ్ళ తరబడి హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి, సామాను పిల్లల చేతుల్లో పడ్డాక ఏమవుతుందో దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ పక్క నుంచి నాకు గట్టిగా అనిపించినవి రాస్తున్నాను.

మొదట బీరువా సంగతి. నీతి ఆయోగ్ వాళ్ళు 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద బడుల్లో నీది లాంటి టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టారు. ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. అందులో 10 లక్షలు ల్యాబు ఏర్పాటుకు, మిగతాది ఐదేళ్ళ నిర్వహణకు. ఇక ముందు ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు కూడా. డబ్బు రావడం మంచిదే. కానీ ఆ డబ్బు సామానుగా మారి బడి గుమ్మం ఎక్కగానే స్టాకు రిజిస్టరు తెరుచుకుంటుంది. దాంట్లో సంతకం పెట్టిన టీచరుకు ఒక్కో మోటారూ మెడకు చుట్టుకున్నట్టే ఉంటుంది. పోతే ఎవరు కట్టాలి, కాలితే ఎవరు జవాబు చెప్పాలి? అందుకని సామాను అద్దాల బీరువాలోకి పోతుంది, తాళంచెవి సొరుగులోకి పోతుంది. నువ్వు మొదటి వారంలోనే హెడ్మాస్టరు గారి దగ్గర కూర్చుని ఈ సంగతి తేల్చుకో. ల్యాప్‌టాప్‌లు, త్రీడీ ప్రింటరు, మల్టీమీటర్లు ఒక రిజిస్టరులో రాయి. ఎల్‌ఈడీలు, వైర్లు, సెల్లు, చిన్న మోటార్లు, సెన్సర్లు వాడకంలో ఖర్చయ్యే సామాను కింద ఇంకో రిజిస్టరులో రాయి. చాక్‌పీసు అరిగిందని ఎవరూ సంజాయిషీ అడగరు కదా, పిల్లలు నేర్చుకుంటూ కాల్చిన మోటారు విషయంలోనూ అట్లాగే ఉండాలి. ఈ ఒక్కటీ కుదిరిందా, నీ సగం పని అయినట్టే.

రెండోది టైమ్‌టేబుల్. నలభై నిమిషాల పీరియడ్‌లో సామాను తీసి పంచడానికి పది నిమిషాలు, లెక్కపెట్టి లోపల పెట్టడానికి పది నిమిషాలు పోతే పిల్లలకు మిగిలేదేముంది? వరుసగా రెండు పీరియడ్లు అడుగు. ప్రతి జట్టుకూ ఒక అట్టపెట్టె ఇవ్వు. సగం కట్టిన బండిని అట్లాగే అందులో పెట్టి మళ్ళీ వారం అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి. ప్రతిసారీ ఊడదీసి డబ్బాలో సర్దమంటే పిల్లలకు సర్దడమే వస్తుంది.

ఇక అసలు పాఠం. కిట్టు పెట్టె మీద బొమ్మ చూసి పిల్లలు మొదటి రోజే ఆ రోబో చేసేద్దాం అంటారు. తొందరపడకు. ముందు సెల్లు, స్విచ్చి, ఆ పసుపుపచ్చ బీవో మోటారు చేతికివ్వు. వైర్లు అటుదిటు మారిస్తే మోటారు వెనక్కి తిరుగుతుందని వాళ్ళంతట వాళ్ళు కనుక్కోవాలి. తర్వాత ఆర్డునో బోర్డు. పిన్నుకు రెసిస్టర్‌తో ఎల్‌ఈడీ పెడితే వెలుగుతుంది. వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు, మోటారు కూడా అక్కడే పెడితే పోలా అని. ఆ ప్రశ్న వచ్చేదాకా మోటారు డ్రైవర్ బోర్డును బయటికి తీయకు. ప్రశ్న వచ్చాక మీటరు ఇచ్చి, మోటారును సెల్లుకు తగిలించి, చక్రాన్ని వేలితో అడ్డుకుంటే ఎంత కరెంటు లాగుతుందో చూడమను. ఆర్డునో ఊనో బోర్డు పిన్ను నుంచి 20 మిల్లీఆంపియర్ల దాకా తీసుకోవచ్చు, 40 దాటితే చిప్పుకే ముప్పు. మోటారు అడిగేది వందల్లో ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్న పిల్లకు మధ్యలో ఇంకో బోర్డు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత అన్నీ కలిపి బండి కట్టిన రోజు వస్తుంది. స్విచ్చి వేస్తారు. కదలదు. "మేడమ్, తిరగడంలా!" అని నలుమూలల నుంచీ అరుపులు మొదలవుతాయి. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ పూట కోసమే.

నీకు చూడగానే తెలిసిపోతుంది. ఒక జట్టు బ్యాటరీ గ్రౌండు, ఆర్డునో గ్రౌండు కలిపి ఉండదు. ఇంకో జట్టు తెచ్చుకున్న కేబులు ఫోన్ ఛార్జింగుకు తప్ప డేటాకు పనికిరాదు. మూడో జట్టు చదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీతో రెండు మోటార్లు తిప్పాలని చూస్తుంటుంది. నాలుగో జట్టు ఒక మోటారు వైర్లు తిరగేసింది కనుక బండి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. నువ్వు అక్కడ చెయ్యి పెడితే అర నిమిషంలో అన్నీ పరుగెత్తుతాయి, పిల్లలు చప్పట్లు కొడతారు, నేర్చుకోవాల్సింది మాత్రం నీ చేతిలోనే ఉండిపోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు తల్లీ. నోటితో మాత్రం ప్రశ్నలడుగు. మోటారును నేరుగా సెల్లుకు పెడితే తిరుగుతోందా? డ్రైవర్ బోర్డు మీద లైటు వెలుగుతోందా? పిన్ను దగ్గర మీటరు ఎంత చూపిస్తోంది? తప్పు ఎక్కడ లేదో ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోతే ఉన్న చోటు దొరుకుతుంది. ఆ నడక పిల్లల వొంటికి పట్టాలంటే నీ ఓర్పే కావాలి. ఒక పూటంతా పోయినా పోనీ.

లోగో భాష తయారుచేసినవాళ్ళలో ఒకడైన సేమూర్ పాపర్ట్ పేరు నువ్వు వినే ఉంటావు. 1967లో వచ్చిన ఆ భాషతో పిల్లలు నేల మీద తాబేలు లాంటి చిన్న యంత్రాన్ని నడిపేవారు. 1980లో ఆయన రాసిన మైండ్‌స్టార్మ్స్ పుస్తకంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఒకటుంది. మన బడుల్లో జవాబు ఒప్పో తప్పో ఒకటే. ప్రోగ్రాము రాసేవాడు అట్లా చూడడు. ఇందులో ఏం సరిచేస్తే నడుస్తుందని చూస్తాడు. పరీక్ష పేపరు మీద ఎర్ర సిరాకు భయపడే మన పిల్లలకు ఈ చూపు ఎంత అవసరమో నీకు వేరే చెప్పాలా?

దీనికి ఉదాహరణ ఎక్కడో వెతకక్కర్లేదు. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్టు లేస్తోందంటే మనమంతా మిద్దెలెక్కుతాం. 2022 ఆగస్టు 7న పొద్దున 9:18కి ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే చిన్న రాకెట్టు మొట్టమొదటిసారి లేచింది. అందులో ఇస్రో ఉపగ్రహంతో పాటు ఆజాదీశాట్ అనే ఎనిమిది కిలోల ఉపగ్రహం ఉంది. దేశమంతటా 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు దానిలోని చిన్న చిన్న పరికరాల కోసం పనిచేశారు. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా వాళ్ళను నడిపించింది. రాకెట్టు మూడు దశలూ చక్కగా మండాయి. అయినా ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సింది పోయి, ఒక కొసన 76 కిలోమీటర్ల దాకా కిందికి దిగే కక్ష్యలో పడ్డాయి. అంత కింద గాలి పట్టుకుంటుంది. రెండూ పోయాయి.

ఎందుకు? రెండో దశ విడిపోయినప్పుడు కాసేపు గట్టి అదురు పుట్టింది. వేగంలో మార్పును కొలిచే సెన్సర్లయిన యాక్సిలరోమీటర్ల రీడింగులు ఆ అదురుకు హద్దు దాటాయి. సెన్సరు చెడిందా లేదా అని కనిపెట్టే ప్రోగ్రాము అది చూసి ఆరింటికి ఆరూ చెడిపోయాయని తేల్చేసింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. కంప్యూటరు మాత్రం వాటి మాట వినడం మానేసి, అటువంటి ఆపదలో వాడమని ముందే రాసిపెట్టిన పద్ధతికి మారింది. సెకనుకు ఏడు కిలోమీటర్లు దాటే వేగంలో కేవలం 56 మీటర్ల లోటు వచ్చింది. ఇస్రో ఈ కారణాన్ని దాచకుండా వివరంగా చెప్పింది. దశ విడిపోయే అమరికను అదురు తగ్గేలా మార్చింది, సెన్సరును తప్పుపట్టే పద్ధతినీ మార్చింది. 2023 ఫిబ్రవరి 10న, సరిగ్గా అదే 9:18కి లేచిన రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ ఆజాదీశాట్-2ను కక్ష్యలో పెట్టింది.

పిల్లలకు దీన్ని ఓదార్పుగా చెప్పకు, పాఠంగా చెప్పు. నల్ల గీత పట్టుకుని పోయే మీ బండి కిటికీ పక్కకు రాగానే దారి తప్పుతుంది. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంది కనుక సెన్సరుకు నలుపు కూడా తెలుపులాగే కనిపిస్తుంది. సెన్సరు తనకు అందింది చెప్పింది. ఆ మాటను ఎప్పుడు నమ్మాలి, ఒక్క రీడింగుకే చక్రం తిప్పాలా, వరుసగా ఐదు చదివి మధ్యది తీసుకోవాలా? షార్‌లో ఇంజనీర్లను పట్టుకున్న ప్రశ్నా, మీ తొమ్మిదో తరగతి పిల్లను పట్టుకున్న ప్రశ్నా ఒకటే జాతివి. ఆ సంగతి తెలిసిన పిల్ల రాకెట్టును చూసే తీరు వేరుగా ఉంటుంది.

ఇట్లాంటి పాఠాలు మన ఎండల్లోనూ ఉన్నాయి. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరుకు రాసే ప్రోగ్రాములో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని వేస్తారు. అది 20 డిగ్రీల దగ్గరి మాట. మన ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల్లో ధ్వని సుమారు 355 మీటర్ల వేగంతో పోతుంది. గోడకు రెండు మీటర్ల దూరంలో పెడితే దాదాపు ఏడు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. టేపుతో కొలిపించి, తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లల్నే వెతకమను. ఫిజిక్స్ పుస్తకంలో ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం ఆ రోజు పిల్లలకు పనికొస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు స్క్రీను మీద ఇంగ్లీషు చూసి బెదిరిపోతారు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టకముందే నోటు పుస్తకంలో తెలుగులో రాయించు: ఎడమ సెన్సరు నలుపు చూస్తే ఎడమ మోటారు ఆగాలి, కుడిది తిరుగుతూ ఉండాలి. ఇంత స్పష్టంగా రాయగలిగితే ప్రోగ్రాము వచ్చేసినట్టే. చిన్న తరగతులకు స్క్రాచ్ లాంటి బిళ్ళలు పేర్చే పద్ధతితో మొదలుపెట్టు, తొమ్మిదికి వచ్చాక ఆర్డునో భాషలోకి తీసుకెళ్ళు. ఆ నోటు పుస్తకంలోనే ఈ రోజు ఏం కదల్లేదు, ఏమనుకున్నాం, ఏం తేలింది అని మూడు ముక్కలు రాయించు. మార్కులు వేస్తే వాటికే వెయ్యి.

ఆడపిల్లల విషయంలో కాస్త గట్టిగా ఉండు. జట్టును వాళ్ళకే వదిలేస్తే స్క్రూడ్రైవరు మగపిల్లవాడి చేతికి, రికార్డు పుస్తకం ఆడపిల్ల చేతికి పోతాయి. ఎవరూ చెప్పకుండానే అట్లా జరిగిపోతుంది. కట్టేవాళ్ళు, ప్రోగ్రాము రాసేవాళ్ళు, పరీక్షించేవాళ్ళు, రాసుకునేవాళ్ళు ప్రతి వారమూ మారాల్సిందే. దీంట్లో మొహమాటం వద్దు.

కిట్టులో ఇచ్చిన బండ్లు అయ్యాక ఏం చేయించాలని నువ్వు అడుగుతావు. పిల్లల ఇళ్ళలోకి చూడు. వాకాడు, కోట వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్ళలో రొయ్యల గుంటలు ఉంటాయి. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, గమనించకుండా నిద్రపోతే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. కరెంటు పోగానే సెల్లు మీద మోగే బజరు చేయడం ఎనిమిదో తరగతి పిల్లలకు కష్టమేమీ కాదు. 230 వోల్టుల జోలికి పోనివ్వకు. ఫోన్ ఛార్జరు ఇచ్చే ఐదు వోల్టులు ఉన్నాయా లేవా అని ఆర్డునో చూస్తే చాలు. ఆ బజరు ఒక్క రాత్రి ఒక్క గుంటను కాపాడితే, ఈ ల్యాబు ఎందుకని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. ఇన్‌స్పైర్ మానక్ పోటీకి పంపడానికి కూడా ఇట్లాంటివే మంచివి. ఎంపికైన పిల్లవాడికి నమూనా చేసుకోవడానికి పదివేలు ఇస్తారు.

సముద్రం గాలి సంగతి మర్చిపోకు. మన దగ్గర ఉప్పు తేమకు జంపర్ వైర్ల మొనలు పచ్చబడతాయి, అప్పుడు అన్నీ సరిగ్గా కలిపినా బండి నడవదు. మూత గట్టిగా పడే డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. లిథియం సెల్లు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. వాటి రెండు కొసలూ తీగతో కలిస్తే నిప్పే. మొదటి సంవత్సరం మామూలు పెన్సిల్ సెల్లతో నడిపించు.

అధికారులు చూడటానికి వస్తారు. వచ్చే ముందు రోజు అందరికీ భయం పట్టుకుంటుంది, పనిచేసే రోబో ఒకటైనా టేబుల్ మీద ఉండాలంటారు. కంపెనీ వాళ్ళు బిగించి తెచ్చిన దాన్ని పెట్టకు. పిల్లలు కట్టిందే పెట్టు. అది మధ్యలో ఆగితే ఆగనీ, ఎందుకు ఆగిందో ఆ పిల్ల చేతే చెప్పించు. చూసేవాళ్ళలో ఒక్కరైనా విషయం తెలిసినవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఆ మాటల విలువ తెలుస్తుంది.

కాటూరు రాజ్ రెడ్డి గారి గురించి కూడా పిల్లలకు చెప్పు. ఇక్కణ్ణుంచి కాళహస్తి మీదుగా పోయే రోడ్డు పట్టుకుంటే వచ్చే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, 1937లో రైతు కుటుంబంలో పుట్టారు. గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు మొదటి డైరెక్టరు ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పాఠంలా చెప్పక్కర్లేదు, బండి ఛార్జింగు అవుతుండగా మాటల్లో చెప్పు.

మొదటి నెల గడిచాక పిల్లల నోటు పుస్తకాలు రెండు మూడు మీ నాన్న చేత పంపించు. పనిచేసిన జట్లవి వద్దు, ఇంకా తంటాలు పడుతున్న జట్లవి పంపు. చదివి, నాకు తోచిన ప్రశ్నలు పక్కన పెన్సిల్‌తో రాసి తిరిగి పంపిస్తాను.

ఇట్లు
నీ పెదనాన్న