మీ కోడ్‌లో నిన్న ఏం మార్చారో గుర్తుందా? చిన్న ప్రాజెక్టుకి కూడా గిట్ ఎందుకు వాడాలంటే...

ఫోన్ రివ్యూల కోసం నేనొక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నా. వైఫై మీద ఏడీబీతో ఫోన్‌కి కనెక్ట్ అయి, నిమిషానికోసారి బ్యాటరీ శాతం, టెంపరేచర్ చదివి ఫైల్‌లో రాస్తుంది. వంద లైన్లు కూడా ఉండవు. ఇంత చిన్నదానికి వెర్షన్ కంట్రోల్ ఎందుకులే అనుకున్నా.

ఒకసారి రెండు ఫోన్లలో ఒకే గేమ్ ఆడి టెస్ట్ చేశా. మొదటిది సోమవారం, రెండోది గురువారం. మొదటిది గరిష్ఠంగా 39.8 డిగ్రీలు, రెండోది 39. "రెండోది కాస్త చల్లగా ఉంటుంది" అని రివ్యూలో రాసేశా కూడా. పబ్లిష్ చేసే ముందు గ్రాఫ్ చూస్తే, రెండోదాని గీత మెట్లు మెట్లుగా ఉంది!

ఆండ్రాయిడ్ బ్యాటరీ టెంపరేచర్‌ని డిగ్రీలో పదో వంతుల లెక్కన ఇస్తుంది. 398 అంటే 39.8. దాన్ని 10తో భాగించాలి. మధ్యలో ఎప్పుడో నేను ఒక స్లాష్ బదులు రెండు స్లాష్‌లు కొట్టేశా. పైథాన్‌లో అలా చేస్తే పాయింట్ తర్వాతి అంకె ఎగిరిపోతుంది. అంటే ఆ 39 నిజానికి 39.9 కూడా కావచ్చు. ఫోల్డర్ తెరిస్తే లాగర్ ఫైనల్, లాగర్ ఫైనల్ 2, లాగర్ కొత్తది... దేనితో ఏ ఫోన్ టెస్ట్ చేశానో తెలిస్తే ఒట్టు. రెండు ఫోన్లనీ మళ్లీ టెస్ట్ చేశా. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ వాక్యం కొట్టేశా.

ఆ రోజే గిట్ పెట్టుకున్నా. లైనక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన టూల్ ఇది. అంత పెద్ద ప్రాజెక్టు కోసం పుట్టినా, మనకి రోజూ కావాల్సిన కమాండ్లు నాలుగైదే. ఫోల్డర్‌లో ఒక్కసారి గిట్ ఇనిట్. మార్పు చేశాక గిట్ యాడ్, తర్వాత గిట్ కమిట్. కమిట్ అంటే ఆ క్షణంలో మీ ప్రాజెక్టుకి తీసిన ఫొటో అనుకోండి. గిట్ లాగ్ కొడితే పాత ఫొటోలన్నీ వరసగా కనిపిస్తాయి. ఇంకా గిట్ యాడ్ చేయని మార్పులు చూడాలంటే గిట్ డిఫ్. కమిట్ చేసే ముందు ఇది చూసే అలవాటుంటే ఆ రెండో స్లాష్ అప్పుడే దొరికేది.

మెసేజ్‌లో "అప్‌డేట్" అని రాయకండి. "టెంపరేచర్ లెక్క మార్చా" అని రాస్తే మూడు నెలల తర్వాత మీకే అర్థమవుతుంది.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం ఇది. ప్రతి కమిట్‌కీ గిట్ ఒక ఐడీ ఇస్తుంది. గిట్ డిస్క్రైబ్ కమాండ్‌కి ఆల్వేస్, డర్టీ అనే రెండు ఆప్షన్లు (ఒక్కోదాని ముందు రెండేసి డాష్‌లు) ఇస్తే, ఆ ఐడీ పొట్టి రూపంలో వస్తుంది. కమిట్ చేయని మార్పులుంటే చివర డర్టీ అని కలుపుతుంది. నా స్క్రిప్ట్ ఇప్పుడు రిజల్ట్ ఫైల్ మొదటి లైన్‌లోనే దీన్ని రాస్తుంది. డర్టీ అని కనిపిస్తే ఆ టెస్ట్ లెక్కలోకి తీసుకోను. అయితే గిట్‌కి ఒక్కసారి కూడా యాడ్ చేయని కొత్త ఫైళ్లని ఇది పట్టించుకోదు, చూసుకోండి.

గిట్ రిస్టోర్‌తో మాత్రం జాగ్రత్త. ఫైల్‌ని పాత స్థితికి తెస్తుంది కానీ, కమిట్ చేయని మార్పులు పోతే గిట్ దగ్గర వాటి కాపీ ఉండదు. ఇంకోటి, టెస్ట్ అయిపోగానే నాకు టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. ఆ బాట్ టోకెన్‌ని వేరే ఫైల్‌లో పెట్టి, మొదటి కమిట్‌కి ముందే ఆ ఫైల్ పేరు గిట్ ఇగ్నోర్‌లో రాశా. ఒకసారి కమిట్ అయ్యాక డిలీట్ చేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. పొరపాటున ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ముందు ఆ టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకోండి, మిగతాది తర్వాత.

ఇక బ్యాకప్ సంగతి. ఈ హిస్టరీ అంతా అదే ఫోల్డర్‌లో, అదే ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. డిస్క్ పోతే అన్నీ పోతాయి. గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపాజిటరీలు ఉచితమే కాబట్టి, నేను రాత్రి ల్యాప్‌టాప్ మూసేముందు గిట్ పుష్ కొట్టి పడుకుంటా.