కడుపునొప్పి గోలీ – మేలెంత? ముప్పెంత?

“సిస్టర్, మా బాపుకు పొద్దటి నుండి మూత్రం బంద్ అయింది” అంటూ ఒక కుమారుడు రాత్రివేళ తండ్రిని ఆటోలో తీసుకొని వచ్చాడు. పెద్దాయనకు డెబ్బై ఏండ్లు దాటాయి. పొత్తికడుపు ఉబ్బి ఉంది, నాలుక ఎండిపోయింది. ఎక్కడ ఉన్నాడో తెలియక దుప్పటి లాగుతున్నాడు. డాక్టరుగారు చెప్పగా మేము గొట్టం వేసి మూత్రం తీశాము.

తరువాత అడిగితే సంగతి తెలిసింది. మూడు రోజుల క్రితం మలబద్ధకం వల్ల ఆయనకు కడుపు నొచ్చింది. మెడికల్ షాపు నుండి నొప్పి గోలీలు తెచ్చి రోజుకు మూడు వేశారు. జలుబు గోలీలు కూడా తోడయ్యాయి. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్న సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రోస్టేట్ గ్రంథి అప్పటికే పెరిగి ఉంది. ఇటువంటివారిని మేము ఇంతకుముందు కూడా చూశాము. అందుకే ఈసారి ఈ గోలీ గురించి తెలుసుకుందాము.

ఈ మందు ఎట్లా పనిచేస్తుంది?

ఇందులో ముఖ్యమైన మందు డైసైక్లోమిన్. సైక్లోపామ్, మెఫ్టాల్ స్పాస్ వంటి గోలీలలో ఇది ఉంటుంది. బస్కోపాన్‌లో ఉండే హయోసిన్ బ్యూటైల్ బ్రోమైడ్ కూడా ఈ కుటుంబానిదే. మన నరాల చివర అసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఊరి, పేగు కండరాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది. ఆ ముడుపు ఎక్కువైతే మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. ఈ మందు అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకొని కండరాన్ని వదులు చేస్తుంది. పేగులు పట్టేసే ఐబీఎస్ వంటి జబ్బులో డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మంచి ఉపశమనం కలుగుతుంది.

అయితే అదే అసిటైల్‌కోలిన్ నోటిలో లాలాజలానికి, చెమటకు, కంటిచూపుకు, మూత్రాశయానికి, జ్ఞాపకశక్తికి కూడా అవసరము. అందువలన నోరు ఎండటం, చూపు మసకబారటం, తల తిరగటం, మగత, గుండె దడ, మలబద్ధకం, మూత్రం ఆగటం కలుగవచ్చును. మన చేను గట్లమీద పెరిగే ఉమ్మెత్తలో కూడా ఈ జాతి రసాయనాలే ఉన్నాయి. ఉమ్మెత్త గింజలు తిన్నవారు నోరెండి, కనుపాపలు పెద్దవై, పిచ్చిగా మాట్లాడటం ఇందువల్లనే.

ఎవరు వాడకూడదు?

• నీటికాసులు ఉన్నవారు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ప్రమాదము.
• ప్రోస్టేట్ పెరిగి మూత్రం సరిగా రానివారు.
• పేగు మూసుకుపోయినవారు, పెద్దపేగులో తీవ్రమైన పుండ్లు ఉన్నవారు.
• మయస్తీనియా అనే కండరాల బలహీనత ఉన్నవారు.
• పాలిచ్చే తల్లులు. డైసైక్లోమిన్ తల్లిపాలలోకి వెళ్తుంది.

గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, వృద్ధులు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. జలుబు గోలీలు, మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు దీనికి తోడైతే ముప్పు పెరుగుతుంది. కాబట్టి వాడే గోలీలన్నీ సంచిలో వేసుకొని వచ్చి చూపించండి.

చంటిపిల్లల విషయము

బిడ్డ ఏడుస్తుంటే “పక్కింటివాళ్లు వేసిన చుక్కలే” అని వేస్తారు. ఆరు నెలలలోపు బిడ్డకు డైసైక్లోమిన్ ఇవ్వనే కూడదు. 1980లలో విదేశాలలో ఈ మందు తాగిన పసిపిల్లలకు ఊపిరి ఆగటం, మూర్ఛ రావటం బయటపడిన తరువాత ఈ హెచ్చరిక వచ్చింది. ఏడ్చే బిడ్డను భుజాన వేసుకొని తేన్పు తీయించండి. ఏడుపు ఆగకపోయినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకొని రండి.

ఎండాకాలంలో మరింత జాగ్రత్త

మే నెలలో మన జగిత్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఒంటిని చల్లబరిచేది చెమటే. ఈ మందు చెమటను తగ్గిస్తుంది. వడ్ల కల్లం దగ్గర పనిచేసేవారు, కొండగట్టుకు కాలినడకన వెళ్లేవారు ఈ గోలీ వేసుకొని ఎండలో తిరిగితే వడదెబ్బ తగలవచ్చును. ఒళ్లు కాలుతూ చెమట పట్టకపోతే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

నొప్పి తగ్గితే జబ్బు పోయినట్టు కాదు

కుడివైపు పొత్తికడుపు నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, గట్టిపడిన కడుపు, నల్లని విరేచనం – వీటిలో ఏది ఉన్నా గోలీ వేసి ఇంట్లో ఉంచకండి. లోపల అపెండిక్స్ చీము పడుతుండవచ్చును. ఛాతీ కింద నొప్పితో చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చును.

మెఫ్టాల్ స్పాస్‌లో మెఫెనమిక్ ఆమ్లం కూడా కలిసి ఉంటుంది. దీనివల్ల అరుదుగా జ్వరం, దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలను దెబ్బతీసే డ్రెస్ అనే తీవ్రమైన ప్రతిచర్య రావచ్చునని భారత ఔషధ ప్రమాణాల కమిషన్ 2023 నవంబరు 30న హెచ్చరించింది. నెలసరి నొప్పికి ప్రతి నెలా వాడే ఆడపిల్లలు ఇది తెలుసుకోవాలి. మందు పడలేదనిపిస్తే ఆపి, డాక్టరుకు చెప్పండి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు కూడా తెలియజేయవచ్చును.

ఆ పెద్దాయన మూడవనాటికి తేరుకొని, కుమారుడిని పేరు పెట్టి పిలిచాడు. ఇంటికి వెళ్లేటప్పుడు, “మూత్రం సంగతి చెప్పటానికి సిగ్గుపడ్డాను బిడ్డా” అన్నాడు. మీ ఇంటి పెద్దవారిని ఈరోజే మెల్లగా అడగండి: “తాతా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవు? ఏ గోలీలు వేసుకుంటున్నవు?” ఈ రెండు ప్రశ్నలు ముందే అడిగి ఉంటే ఆయనకు ఆ రాత్రి బాధ తప్పి ఉండేది.