లాగు త్రాడు, నిలుచు కాళ్లు



మన గ్రామముల యౌవనస్థులనేకులు చదువు నిమిత్తమై బల్కంపేట, అమీర్‌పేట వసతిగృహములలో నుందురు. అచ్చటికి తూర్పున, ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టిన హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవలు సాగుచుండును. నీటి ఆటలయందు వారికి ఆశ కలుగుట వింత కాదు. కనుక ఈ నెల కేబుల్ వేక్‌బోర్డింగ్ అను ఆటనుగూర్చి నేర్చుకొందము.

1. ఆట ఎట్టిది?

1960 ప్రాంతమున జర్మనీ ఇంజనీరు బ్రూనో రిక్సెన్, పడవ లేకుండ మనిషిని నీటిమీద లాగు ఏర్పాటును రూపొందించెను. స్తంభములమీద తీగ తిరుగును. దానికి త్రాడు, త్రాటికి పిడి. పాదములను పలకకు బిగించుకొని గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో సాగుదురు. క్రొత్తవారికి రెండు స్తంభముల నడుమ మెల్లగా నడుపు తీగ మేలు.

2. నిలుచుట

దమ్ము చేసిన మడిలో చదును పలకమీద నిలిచి ఎడ్లను తోలు రైతును చూచితిమి. అతడు మోకాళ్లు వంచి, చూపు ముందుకు నిలుపును. ఇచ్చటను అంతే. మోకాళ్లు రొమ్మునకు చేర్చి, చేతులు చాచి, తీగయే లేపువరకు ఓర్చుకొనవలెను. తొందరపడి పిడిని తనవైపు లాగుకొనువాడు వెనుకకు పడును.

3. మొదటి విన్యాసములు

ముందుగా మడమలమీదను, పిమ్మట మునివేళ్లమీదను బరువు మార్చుచు వంకరదారిలో సాగవలెను. లాగు వైపు అంచు నీటిలో దిగబడిన యెడల పలక తటాలున తిరుగబడును. తరువాత పిడిని నడుము దగ్గర నుంచి, ఒక చేయి విడిచి సాగుట. ఇవి కుదిరిన పిమ్మటనే, పలకను చదునుగా నుంచి సగము త్రిప్పి, వెనుక కాలు ముందుకు తెచ్చుట.

4. పడుట

ఇదియే ముఖ్యమైన పాఠము. పగ్గము బిగించిన ఎడ్లు ఆగును, తీగ ఆగదు. పడినవాడు పిడిని పట్టుకొనియే యుండిన యెడల భుజమునకు గాయమగును. వెంటనే విడువవలెను, వెనుక వచ్చువారి దారినుండి తొలగవలెను. ఈత వచ్చినను లైఫ్ జాకెట్, హెల్మెట్ మానరాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. తీగ లేపకముందే లేవజూచినవానికి ఏమి సంభవించును?
2. ఎడ్ల పగ్గమునకును ఈ త్రాటికిని భేదమేమి?
3. మీ బిడ్డ నీటి ఆటకు వెళ్లునప్పుడు మీరు మొదట అడుగవలసినదేమి?