నైలాన్‌కీ రబ్బరుకీ మధ్య పేరయ్య

పోయిన సెమిస్టర్ ప్రాజెక్టులో మా బ్యాచ్ నైలాన్-6లో ఈపీడీఎం రబ్బరు కలిపింది. లెక్క సింపుల్ అనుకున్నాం. నైలాన్ గట్టిది, రబ్బరు సాగేది, రెండూ కలిస్తే గట్టిగా ఉంటూ విరగనిది వస్తుందని. తీరా గాటు పెట్టిన బార్‌ని ఐజోడ్ మెషిన్‌లో కొడితే టక్కున విరిగింది. విరిగిన చోట గోరుతో గీకితే పొరలు ఊడొచ్చాయి. తప్పెక్కడ జరిగిందో వెతుకుతూ నేర్చుకున్నది ఇది.

గాటు పడితే ఏమవుతుంది?

గాటు లేని నైలాన్ బార్‌ని వంచితే వంగుతుంది, విరగదు. గాటు పడితే కథ మారుతుంది. గాటు కొన దగ్గర ఒత్తిడంతా పోగై, పదార్థాన్ని మూడు దిక్కులా లాగుతుంది. గొలుసులు జారి సాగే వీలు లేక పగులు దూసుకుపోతుంది. అందుకే పొడి నైలాన్ ఐజోడ్ విలువ మీటరుకు సుమారు 50 జూల్స్ దగ్గరే ఆగిపోతుంది.

దెబ్బని మింగేదెవరు?

రబ్బరే అనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం మింగేది నైలానే. రబ్బరు బిందువులు లోపల చిట్లి బోలవుతాయి. దాన్నే కేవిటేషన్ అంటారు. దాంతో మూడు దిక్కుల లాగుడు సడలి, బిందువుల మధ్య ఉన్న నైలాన్ గోడలు జారి సాగుతాయి. శక్తి ఖర్చయ్యేది అక్కడే.

అయితే ఆ గోడ సన్నగా ఉండాలి. నైలాన్-66 బ్లెండ్లలో గోడ మందం దాదాపు 0.3 మైక్రాన్ కంటే తగ్గితేనే పెళుసుతనం పోతుందని డ్యూపాంట్‌లో పనిచేసిన సౌహెంగ్ వూ 1980లలో చూపించారు. రబ్బరు ఘనపరిమాణంలో 20 శాతం ఉండి, బిందువులు క్యూబ్ లాటిస్‌లో సర్దుకున్నాయనుకుంటే గోడ మందం బిందువు వ్యాసానికి సుమారు 0.38 రెట్లు. బిందువు 5 మైక్రాన్లయితే గోడ 1.9 మైక్రాన్లు, అంటే ఫెయిల్. బిందువు 0.3 మైక్రాన్ అయితే గోడ 0.11, అంటే పాస్. రెండిట్లోనూ రబ్బరు అంతే. తేడా అంతా అది ఎంత సన్నగా చెదిరిందన్న దాంట్లోనే ఉంది.

పేరయ్య ప్రవేశం

పాలిమర్ గొలుసులు పొడవైనవి కాబట్టి కలిస్తే వచ్చే ఎంట్రొపీ లాభం చాలా తక్కువ. పైగా నైలాన్ పోలార్, ఈపీడీఎం కాదు. స్క్రూ ఎంత చిలికినా చిన్న బిందువులు మళ్లీ ఒకదానికొకటి అంటుకుని పెద్దవవుతాయి. మాకు జరిగింది ఇదే.

ఇక్కడే మెలాయిక్ యాన్‌హైడ్రైడ్ పేరయ్యలా దిగుతుంది. పెరాక్సైడ్ సాయంతో దాన్ని రబ్బరు గొలుసుకి ముందే అతికిస్తారు, బరువులో 1 శాతం లోపు ఉన్నా సరిపోతుంది. ఎక్స్‌ట్రూడర్ వేడిలో నైలాన్ చివరి అమైన్ గుంపు దాంతో చర్య జరిపి, నీటిని వదిలి, ఇమైడ్ బంధం కడుతుంది. అలా సరిహద్దు మీదే ఒక కోపాలిమర్ పుడుతుంది, ఒక కాలు పుట్టింట్లో, ఇంకో కాలు అత్తింట్లో. అది ఇంటర్‌ఫేషియల్ టెన్షన్ తగ్గిస్తుంది, బిందువులు మళ్లీ కలవకుండా అడ్డుపడుతుంది, రెండు ఫేజ్‌లనీ పట్టి ఉంచుతుంది. 1970లలో డ్యూపాంట్ తెచ్చిన సూపర్ టఫ్ నైలాన్ వెనక ఉన్నది ఈ రకం ఆలోచనే. 20 శాతం దాకా ఇలాంటి రబ్బరు కలిపిన బ్లెండ్లు 800 జూల్స్ దాటుతాయి.

ఫ్రీగా ఏదీ రాదు. గట్టిదనం, తన్యబలం తగ్గుతాయి. కరిగిన బ్లెండ్ చిక్కబడి, అచ్చులోకి ఎక్కించడం కష్టమవుతుంది.

ఒక ఒప్పుకోలు

మిగిలిన బార్లని నెల తర్వాత కొడితే అంకె మెరుగ్గా వచ్చింది. సంబరపడి రిపోర్టులో ఎక్కించబోయాం. "ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టార్రా వీటిని?" అని సీనియర్ అన్న అడిగాడు. వానాకాలం, కిటికీ పక్క టేబుల్ మీద. నైలాన్ గాల్లో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. మెరుగుపరిచింది మేం కాదు, వాన! ఆ అంకె కొట్టేశాం.

కాబట్టి జూనియర్లూ, గింజల్ని సుమారు 80 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో బాగా ఆరబెట్టండి. అచ్చు తీసిన బార్లని వెంటనే సిలికాజెల్‌తో కవర్లో సీల్ చేయండి. రబ్బరు కలపని నైలాన్ బార్లని కూడా అదే రోజు, అదే స్థితిలో కొట్టండి. ఈ సెమిస్టర్ మేం పేరయ్యతో సహా మళ్లీ మొదలుపెడుతున్నాం.