తెరిపి

ఆంగ్లమున ‘రెస్పైట్’ అను పదము కలదు. కష్టము తీరిపోవుట దాని యర్థము కాదు. కష్టము నడుమ లభించు కొద్దిపాటి విరామము. తెలుగున దీనికి దగ్గఱి మాట ‘తెరిపి’. ఎడతెగని వాన కాసేపు నిలిచినచో ‘వాన తెరిపి యిచ్చినది’ అందురు.

అనంతపురము సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. అచట కఱవునకు తెరిపి వానయే! ఒక్క పదును వాన కురిసిన రైతు వేరుసెనగ విత్తును. మరల వాన రాకున్న పైరు వాడును.

1952లో రాయలసీమ కఱవు వేళ గంజి కేంద్రములు వెలసెను. గంజి ఆ పూట ప్రాణము నిలిపినది. మఱుసటి యేటి పంటను పండింపలేదు. అంతమాత్రమున అది వ్యర్థము కాదు. నిలిచిన ప్రాణమే రేపు పలుగు పట్టును. తెరిపి దొరకినపుడు చెఱువుకట్టను బాగుచేసికొనువాడే వివేకి.